ఖాళీ బల్ల గంట

బల్ల మీద ఏమీ ఉండకూడదు. పుస్తకం, పెన్ను, నీళ్ల సీసా, ఆఖరికి మోచేతి కింద వేసుకునే మడత తువ్వాలు కూడా తీసేసి, రెండు చేతులూ బోర్లించి గంటసేపు ఊరికే కూర్చోవాలి. చదువుల గదిలో డిగ్రీ పూర్తి చేసినవాళ్లకి జరిగే సంబరం ఇదే. ఉపన్యాసాలు లేవు, ఫొటోలు లేవు, మిగతావాళ్లంతా ఎప్పటిలాగే చదువుకుంటూ ఉంటారు, చదువు అయిపోయిన మనిషి మాత్రం ఖాళీ బల్ల ముందు కూర్చుంటుంది, గంట కాగానే బెల్లు మోగుతుంది, అప్పుడు అందరూ మైకులు తెరిచి చప్పట్లు కొడతారు, ఆ చప్పట్లయ్యాక ఆ మనిషి గది విడిచి వెళ్లిపోవాలి. మళ్లీ రాకూడదు. గది అంటే నాలుగు గోడల గది కాదు, కంప్యూటరు తెర మీద గళ్లు గళ్లుగా కనిపించే బల్లలు, ఒక్కో బల్ల మీద ఒక్కో జత చేతులు, ఎవరు ఏ ఊళ్లో ఉన్నారో ఎవరికీ తెలియదు, ముఖాలు చూపించుకోకూడదు, అసలు పేర్లు చెప్పుకోకూడదు, ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోకూడదు, బెల్లు కొట్టాక కాసేపు ఏదైనా టైపు చేసుకోవచ్చు, అంతే. తెర మీద పట్టేవి కొన్ని గళ్లే, బయట ఎదురుచూసేవాళ్లు చాలామంది, కాబట్టి చదువైపోయినవాళ్లు గడి ఖాళీ చెయ్యడం న్యాయమే. కాదని ఆమె కూడా అనదు. కానీ ఈ ఆదివారం మధ్యాహ్నం తన చేతుల్ని తనే చూసుకుంటూ కూర్చుని, ఆ బెల్లు ఇవాళ్టికి మోగకుండా ఉంటే బాగుండునని మాత్రం అనుకుంటోంది.

చేతులకి పని లేకపోతే ఎంత ఇబ్బంది పడతాయో ఇప్పుడే తెలుస్తోంది. ఎడమ చెయ్యి మెల్లగా కుడి చేతి మీదికి ఎక్కబోతే మందలించినట్టు మళ్లీ పక్కన పెట్టింది. ఇదేం సంబరమో, బడిలో అల్లరి చేసినవాళ్లకి వేసే శిక్షలా ఉంది. ఈ చేతులు పొద్దస్తమానం మనుషుల్ని సర్దుతూనే ఉంటాయి, భుజం ఇటు, గడ్డం పైకి, ఛాతీ పలకకి ఆనించండి, ఇంకొంచెం, ఆఁ అలాగే, ఆస్పత్రి కింది అంతస్తులో ఎక్స్‌రే గది ఆమెది, రోజంతా ఎవరో ఒకరితో మాట్లాడుతూనే ఉంటుంది, కానీ ఆ మాటలేమిటి కనక, ఊపిరి పీల్చండి, బిగబట్టండి, కదలకండి, ఇక వదలండి. మళ్లీ ఇంకొకరు, మళ్లీ ఊపిరి పీల్చండి. ఒక్కోరోజు ఇంటికొచ్చి తాళం తీస్తూ ఆలోచిస్తే అవి తప్ప మరో మాట నోట్లోంచి వచ్చిన గుర్తే ఉండదు. ఆ మధ్య కూరల దుకాణం దగ్గర ఒకాయన ఎంతో పరిచయమున్నట్టు నవ్వి, బాగున్నారా మేడమ్ అంటే, ఎవరో పోల్చుకోలేక నీళ్లు నమిలింది, ఆయన సంచీ పట్టుకుని అటు తిరిగాక, సంచీ ఎడమ చేతిలో ఉండటం చూసి గుర్తొచ్చింది, కుడి మణికట్టు, నిలువునా చీలిక, వంటింట్లో జారిపడ్డారు. ముఖం గుర్తులేదు గానీ ఎముక గుర్తుంది. పిలిచి చెబుదామనుకుంది, ఏమని చెబుతుంది, మీ ఎముక నాకు బాగా తెలుసండీ అనా. అప్పటికే ఆయన వీధి మలుపు తిరిగిపోయాడు.

ఎమ్మే పాసైన సంగతి కూడా అలాగే అయింది. ఫలితాలు వచ్చిన మర్నాడు ఆస్పత్రికి బిస్కెట్ల పెట్టె పట్టుకెళ్లింది, రిపోర్టులు టైపు చేసే అమ్మాయి మూత తీస్తూ, "ఎవరి పుట్టినరోజండీ?" అంది. చరిత్రలో ఎమ్మే, ఇంట్లోనే చదువుకుని రాసిన పరీక్షలు, వెనకటి రోజుల్లో వీధిదీపాలు వెలిగించేవాళ్ల మీద రాసిన పరిశోధన, ఇదంతా ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి ఎక్కడిదాకా చెప్పాలో తెలియక, "నాదే" అనేసింది. అంతే, అందరూ చుట్టూ చేరి పుట్టినరోజు పాట అందుకున్నారు, డాక్టరు గారు కూడా వచ్చి రెండు బిస్కెట్లు తిని, ఎన్నేళ్లని మాత్రం అడగనులెండి అని ఓ జోకేసి వెళ్లారు. ఆమె కూడా నవ్వింది, ఏం చేస్తుంది మరి. అబద్ధం చెప్పినందుకు కాదు, నిజం చెప్పేంత చనువు అక్కడ ఒక్కరితోనూ లేదని తెలిసొచ్చినందుకు ఆ రోజంతా మనసు చివుక్కుమంటూనే ఉంది. సాయంత్రం అన్నయ్యకి ఫోన్ చేస్తే, "ఎమ్మేనా? ఎవరు, నువ్వా?" అన్నాడు, కాసేపాగి, "మంచిదేలే, ప్రమోషన్ ఏమైనా ఇస్తారా దీనికి?" అన్నాడు, ఇవ్వరంది, "మరెందుకే అంత అవస్థ పడ్డావు" అన్నాడు, ప్రేమగానే అన్నాడు పాపం. అవతల వదిన ఎవరండీ ఫోను అని అడగటం, చెల్లాయి అని అన్నయ్య చెప్పడం, ఏమైందట, ఏం కాలేదు, పాసైందట, అని కూడా వినిపించింది. ఫోన్ పెట్టేశాక ఆ 'ఏం కాలేదు' చాలాసేపు చెవిలోనే ఉండిపోయింది.

అమ్మ అయితే అలా వదిలేది కాదు. పక్కగదిలో మంచం మీదినుంచే అన్నీ కావాలి ఆవిడకి. చదివి ఎవర్ని ఉద్ధరిస్తావే, లైటు తీసెయ్ అనేది, తీసేస్తే, అదేమిటే అప్పుడే మానేశావు, ఒంట్లో బాగాలేదా అనేది, రెండూ ఆవిడే. మందు బిళ్ల మింగించడానికి బతిమాలాల్సి వచ్చినప్పుడు ఆరోజు రాసిన పేజీ చదివి వినిపిస్తానని బేరం పెట్టేది ఆమె, అమ్మ బిళ్ల బుగ్గన పెట్టుకుని వినేది, మింగితే కథ ఆగిపోతుందేమోనని. చీకటి పడే వేళకి నిచ్చెన భుజాన వేసుకుని బయల్దేరి, ఒక్కో స్తంభం ఎక్కి గాజు తుడిచి వత్తి సరిచేసి దీపం వెలిగించి దిగి, మళ్లీ తెల్లారుతుంటే అదే దారిన ఆర్పుకుంటూ వెళ్లేవాళ్లమ్మా అని చదువుతుంటే, అమ్మ బిళ్ల ఇటు బుగ్గనుంచి అటు బుగ్గకి మార్చి, "మరి వాళ్ల ఇళ్లల్లో దీపం ఎవరు పెట్టేవాళ్లే?" అంది. ఆ ప్రశ్న పట్టుకునే ఒక అధ్యాయమంతా రాసింది, భార్యలు, ముసలి తల్లులు, ఎవరూ లేనివాళ్లయితే చీకట్లోకే తలుపు తీసుకుని వెళ్లేవాళ్లు అని, ఎక్కడెక్కడివో పాత కాగితాలు వెతికి. వైవాలో ముగ్గురు పెద్దలు కూర్చున్నారు, ఒకాయన ఆవలిస్తూ అధ్యాయాల వరుస గురించి అడిగాడు, ఒకావిడ కింద ఇచ్చిన ఆధారాల గురించి అడిగింది, ఆ దీపం గురించి ఎవరూ అడగలేదు. అమ్మ అడిగినంత మంచి ప్రశ్న ఆ గదిలో ఒక్కటి కూడా రాలేదు. అధ్యాయం పూర్తయ్యేసరికి అమ్మే లేదు.

అప్పుడు చాలా రోజులు చదువుల గదికి రాలేదు ఆమె. ఇంట్లో వచ్చినవాళ్లు వచ్చారు, వెళ్లినవాళ్లు వెళ్లారు, అన్నయ్య ఫ్యాను బాగుచేయించి వెళ్లాడు, వదిన మంచం ఇంకెందుకు తీసేయించమంది, తీసేయించలేదు. ఒకరోజు పొద్దున్నే ఏమీ తోచక కంప్యూటరు తెరిచి తన గడిలోకి వచ్చి చేతులు బల్ల మీద పెట్టింది, రాయడానికి కాదు, పెట్టడానికే. ఎవరూ ఏమీ అడగలేదు, అడగకూడదు కదా. కానీ బెల్లు కొట్టాక, అందరూ టైపు చేసుకునే ఆ కాసేపట్లో ఎవరూ ఏమీ టైపు చెయ్యలేదు, ఒక్కొక్కరే పెన్నులు పక్కన పెట్టి చేతులు ఆమె చేతుల్లాగే బోర్లించి కూర్చున్నారు, తెరంతా చేతులే. ఆ రోజు ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది, మైకు మూసే ఉంది కాబట్టి సరిపోయింది. అమ్మ పోయాక ఆమెని ఓదార్చినవాళ్లు ఎవరంటే నిజానికి వీళ్లే, పేరూ ఊరూ తెలియని ఈ చేతులవాళ్లే, ఈ మాట ఎవరికైనా చెబితే ముక్కున వేలేసుకుంటారని ఎవరికీ చెప్పలేదు.

అందుకే పరిశోధన వ్యాసం అయిపోయాక కూడా ఇవ్వలేదు. ఎప్పుడో అయిపోయింది, ఏడాది పైమాటే, ఆధారాలు సరిచూస్తున్నానండీ అని గైడుకి చెప్పి, చూసినవే చూసి, కామా తీసి మళ్లీ కామా పెట్టి, పొద్దున్నే వచ్చి గడిలో కూర్చునేది. గైడు ఓపికగల మనిషే, ఆవిడకీ విసుగొచ్చి, "ఇంకేం మిగిలిందమ్మా, ఇచ్చేయండి, పుణ్యముంటుంది" అంది. ఇవ్వక తప్పలేదు. పాసవక తప్పలేదు. పాసైనవాళ్లెవరైనా ఇలా దిగులు పడతారా, తిక్క కాకపోతే. తిక్కే. కాకపోతే ఇవాళ పొద్దున చేసిన పని ఎవరైనా చేస్తారా. చదువుల గదికి ఇంకో పేరుతో, గొడుగు అని పెట్టుకుని, కొత్తమనిషిలాగా దరఖాస్తు పంపించింది. ఏ చదువు అన్న చోట నోటికొచ్చింది రాసింది. పళ్లు తోముకుని వచ్చేలోపే గది నడిపే, తాళంచెవి అని పేరు పెట్టుకున్న ఆవిడ దగ్గర్నుంచి జవాబు వచ్చేసింది, స్వాగతం గొడుగు గారూ, మామూలుగా అయితే నెలలు ఆగాల్సి వచ్చేది, మీ అదృష్టం, ఇప్పుడే చీటీ తీస్తే మీ పేరు వచ్చింది, రేపే ఒక గడి ఖాళీ అవుతోంది, అని. ఏ గడో ఆమెకి తెలుసు. తన శ్రద్ధాంజలి తనే చదువుకున్నట్టయింది.

అంతా ఆలోచించుకునే ఉంది. బల్ల మీద రేపట్నుంచి వేరే గుడ్డ వేస్తుంది, చూపుడు వేలికున్న ఉంగరం తీసేస్తుంది, మణికట్టు మీద పుట్టుమచ్చ ఉందే, దానికి చిన్న ప్లాస్టరు అంటిస్తే సరి, ఆస్పత్రిలో ప్లాస్టర్లకేం కరువు. చేతిరాత మార్చడం తనవల్ల కాదు కాబట్టి రాయదు, చదువుతున్నట్టు కూర్చుంటుంది, అంతే కదా, ఎవరికి నష్టం. బయట నిజంగా పరీక్షకి చదువుకోవాల్సిన పిల్ల ఎవరో ఆ గడి కోసం కాచుకుని ఉంటుంది, ఉండనీ, ఒక్క గడి తను ఉంచుకుంటే కొంపలేం మునిగిపోవు. ఇలా ఆమె తనకి తనే సర్దిచెప్పుకుంటోంది గానీ, సర్దిచెప్పుకోవాల్సి వస్తోందంటేనే ఎక్కడో గుచ్చుకుంటోందన్నమాట. లేకపోతే మాత్రం ఏం చెయ్యాలి. రేపు పొద్దున నిద్ర లేస్తుంది. లేచి, పాలు కాచుకుని, ఈ కుర్చీలో కూర్చుని, ఎవరి ముందు కూర్చోవాలి. ఆ ఒక్క ఊహ వచ్చేసరికి ముందుకి పోలేక ఆలోచన అక్కడే ఆగిపోతోంది.

తెర మీద అందరూ తమ తమ పనుల్లో ఉన్నారు. లా చదివే పిల్ల ఈవారం గోళ్లకి ఆకుపచ్చ రంగు వేసుకుంది, పోయినవారం నీలం, పరీక్షలు దగ్గరపడుతున్నప్పుడు మాత్రం రంగు చెదిరి సగం సగం ఉంటుంది, గోళ్లు కొరుకుతుందన్నమాట, వద్దమ్మా అని చెప్పాలనిపించేది ఎన్నోసార్లు. చంటిబిడ్డ తల్లి ఎడమ చేత్తో బిడ్డ పాదం పట్టుకుని కుడి చేత్తో లెక్కలు చేస్తోంది, ఆ పాదం ఈ గదిలోనే పెరిగింది, మొదట్లో అరచేతిలో పట్టేది. తాళంచెవి చేతులు, ఆవిడ దగ్గుతోందేమో అన్నట్టు, ఎప్పుడూ చిన్నగా కదులుతుంటాయి. కింది వరుసలో మూడోబెంచీ, అంటే ఆ పేరు పెట్టుకున్న పెద్దాయన, ఎంత ఉక్కపోతలోనైనా మణికట్టు దాకా గళ్ల చొక్కా గుండీలు పెట్టుకునే కూర్చుంటారు, వేళ్ల ముడతలు చూస్తే అరవై ఏళ్లు దాటి ఉంటాయి, ఈ వయసులో చదువేమిటని ఎవరో ఆయన్ని కూడా అనే ఉంటారు. పేజీ తిప్పారు. ఆయన్ని చూస్తుంటే ఎందుకో ధైర్యంగా ఉండేది ఆమెకి, తనకంటే పెద్దాయన అంత నిదానంగా కూర్చోగా లేనిది తనకేం అని. ఒకరు వెళ్లిపోవడం చూడలేక ఇలాంటి సంబరాలకి తను ఎప్పుడూ రాలేదు, అందుకే వీళ్లలో ఒక్కరి గొంతు కూడా తనకి తెలియదు. ఇంకాసేపట్లో తెలుస్తాయి, తెలిసిన మరునిమిషంలో బయటికి వెళ్లిపోవాలి. ఎవడు పెట్టాడో ఈ పద్ధతి.

పైవాటాలో ఎవరో కుర్చీ జరిపారు. గోడ మీద ఎండ కాస్త జరిగింది. చెప్పాల్సిన మాటలు మనసులో ఇంకోసారి వల్లె వేసుకుంది, ఇన్నాళ్లూ నాకు తోడుగా ఉన్న మీ అందరికీ నా కృతజ్ఞతలు, మీరందరూ త్వరగా పాసై, త్వరగా పాసై వెళ్లిపోవాలని, ఛ, ఆ మాట నోటికి రావడంలేదు. బెల్లు మోగింది.

మైకులన్నీ తెరుచుకున్నాయి. మొదట వినిపించినవి మాటలు కావు, ఇళ్లు. ఒకరింట్లో బట్టలు ఉతికే మిషను తిరుగుతోంది, ఒకరి దగ్గర కుక్క, ఎక్కడో గట్టిగా వాన. తర్వాత చప్పట్లు, ముందొకరు, వెనకొకరు, ఒక పద్ధతీ పాడూ లేకుండా, ఇన్నేళ్లు మాట్లాడకుండా కూర్చున్నవాళ్లకి చప్పట్లు కూడా సరిగ్గా కొట్టడం రావడంలేదు. గోళ్ల రంగు పిల్ల గబగబా మాట్లాడుతుంది, "మేడమ్, మీరు పేజీ నిండా రాస్తారు కదండీ, అది చూసి సిగ్గేసి నేనూ పెన్ను పట్టుకునేదాన్ని" అంది. చంటిబిడ్డ తల్లి బిడ్డ చేత కూడా రెండు చప్పట్లు కొట్టించింది. తాళంచెవి గొంతు ఆమె అనుకున్నదానికంటే చిన్నది, జలుబు చేసినట్టుంది. "అభినందనలు లాంతరు గారూ," అంది, ఆ గదిలో ఆమె పేరు అదే. "ఒక మాట చెప్పి, తలుపు దగ్గరగా వేసి వెళ్లండి." అది ఆవిడ అందరికీ అనే మాటేనట.

"నాకు వెళ్లాలని లేదండీ," అంది ఆమె. వల్లె వేసుకున్నదంతా ఎటుపోయిందో. "రేపు గొడుగు అని ఒకరు వస్తున్నారు కదా, అది నేనే."

అందరూ నవ్వారు, సరదాకి అందనుకున్నారు. నవ్వు అయిపోయేదాకా ఆగింది.

"సరదాకి కాదు. మా అమ్మ పోయాక ఇంట్లో ఎవరూ లేరు. ఈ గంట తప్పితే నా ఎదురుగా కూర్చునేవాళ్లు లేరు. అందుకని అలా చేశాను, తప్పే."

తాళంచెవి గొంతు సవరించుకుని, "బయట చాలామంది ఆగి ఉన్నారండీ" అంది, కోపంగా మాత్రం కాదు. తెలుసండీ అంది ఆమె.

"నేనూ అలా వచ్చినవాణ్ణేనమ్మా."

ఎవరిదా గొంతు అని గళ్లన్నీ వెతికింది. మూడోబెంచీ. గళ్ల చొక్కా చేతులు పుస్తకం మీదినుంచి లేచి, మళ్లీ దాని మీదే వాలాయి. "నాకు కూడా ఈ గదిలోనే చప్పట్లు కొట్టారు. అప్పుడు నా పేరు వేరు. మర్నాడే పేరు మార్చుకుని వచ్చేశాను. కుడి మోచేతి కింద పాత కాలిన మచ్చ ఒకటుంది, పోల్చుకుంటారేమోనని ఎండాకాలంలో కూడా ఈ చొక్కాలే. చాలా ఏళ్లయింది."

"మరిప్పుడేం చదువుతున్నారండీ?" అంది గోళ్ల రంగు పిల్ల.

"ఏమీ లేదమ్మా. పేజీ తిప్పుతుంటాను."

రేపు పొద్దున తను కూర్చోబోయే కుర్చీలో ఎవరో ముందే కూర్చుని కనిపించినట్టయింది ఆమెకి. అడగక ఉండలేకపోయింది. "అలా ఉంటే బాగుంటుందాండీ?"

"గంటసేపు బాగానే ఉంటుంది," అన్నారు పెద్దాయన. "బెల్లు కొట్టాక మళ్లీ ఒక్కణ్ణే. పైగా ఎప్పుడైనా ఎవరైనా పలకరిస్తే నిజం చెప్పుకోవడానికి కూడా లేకుండా పోయింది. ఈమాట ఇవాళే పైకి అన్నాను."

ఆమె చేతులు బల్ల మీదినుంచి తీసి మొహం తుడుచుకుంది. ముందుకు వంగడంతో మొహం కూడా తెర మీద పడింది, పడితే పడింది. "గొడుగు రాదులెండి," అంది తాళంచెవితో, "ఆ గడి ఇంకెవరికైనా ఇచ్చేయండి." ఇచ్చేస్తానంది తాళంచెవి. "వెళ్తూ వెళ్తూ ఒక్క నియమం తప్పుతానండీ. నా ఫోన్ నంబరు చెబుతాను, ఆయనకి. బెల్లు కొట్టాక ఎప్పుడైనా చేస్తారు."

తాళంచెవి ఆమె మైకు మూయించలేదు.

"ఉండండమ్మా, రాసుకుంటాను," అన్నారు పెద్దాయన. పుస్తకం వెనక అట్ట తెరిచారు, పెన్ను మూత బిగుసుకుపోయింది కాబోలు, రెండుసార్లు తిప్పి లాగితే గానీ రాలేదు, వచ్చాక రాయలేదు, అట్ట మీద గీకి గీకి సిరా రప్పించారు. "ఇప్పుడు చెప్పు," అన్నారు, మీరులోంచి నువ్వులోకి ఎప్పుడు దిగారో ఆయనకీ తెలిసినట్టు లేదు. ఆమె ఒక్కో అంకె చెప్పడం మొదలుపెట్టింది, ఆయన ఒక్కో అంకె పైకి అని రాసుకుంటున్నారు, సగం దాకా వచ్చాక ఎందుకో తెరంతా చూసింది. ఆకుపచ్చ గోళ్ల చెయ్యి నోటుపుస్తకం అంచున రాసుకుంటోంది. చంటిబిడ్డ తల్లి బిడ్డ పాదం వదిలేసి రాసుకుంటోంది. వాన పడుతున్న ఇంట్లో ఎవరో, కుక్క ఉన్న ఇంట్లో ఎవరో, అందరి పెన్నులూ కదులుతున్నాయి, పై వరుసలో మొదటి గడిలో తాళంచెవి చెయ్యి కూడా. ఆమెకి మాట ఆగిపోయింది.

"అంతేనామ్మా, ఇంకా ఉందా?" అన్నారు పెద్దాయన.

"ఉందండీ," అంది ఆమె. మిగతా అంకెలు చెప్పడానికి కాస్త సమయం పట్టింది, అందరూ ఆగారు.